బల్ల దగ్గర చూసినవి

రేగాకు పొడిని బకెట్లో పోసి, సబీకా మోచేతిదాకా చెయ్యి ముంచి గిలక్కొట్టింది. ఆకుపచ్చ నురుగు పైకి లేచింది. దాన్ని దోసిళ్ళతో వేరే గిన్నెలోకి తీసుకుంది. తలకు నురుగు, ఒంటికి అడుగున మిగిలిన నీళ్ళు. వంగి బకెట్‌ను పక్కకు జరుపుతుంటే గొంతులోకి పులుపు ఎగదన్నింది. పొద్దున తాగిన పాల చాయ్ విరిగి, మండుతూ, నాలుక మొదటిదాకా వచ్చి ఆగింది. ఆమె దాన్ని మళ్ళీ మింగింది. బల్ల మీద ముసలావిడ పడుకుని ఉంది. ఆవిడ ముందు ఉమ్మెయ్యడం మర్యాద కాదు.

"మళ్ళీ వచ్చిందా, ఉమ్ ధారి?" అంది వస్మియా, చేతికి గుడ్డ చుట్టుకుంటూ. సబీకా కొడుకు పేరు ధారి. అందుకని అందరికీ ఆమె ధారి తల్లే. సబీకా అన్న పేరు మునిసిపాలిటీ గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా వినిపించదు.

"వస్తుంది, పోతుంది. నువ్వు నీళ్ళు చూశావా?"

"చూశాను, గోరువెచ్చగానే ఉన్నాయి."

"చేత్తో చూశావా, నోటితో చూశావా?"

వస్మియా నవ్వు ఆపుకుని నీళ్ళలో మోచెయ్యి ముంచింది. "బిస్మిల్లా" అని ఇద్దరూ పని మొదలుపెట్టారు.

ఖబరస్తాన్ గోడను ఆనుకుని, చనిపోయిన ఆడవాళ్ళకు ఆఖరి స్నానం చేయించే గది అది. రాతిబల్ల నడిమధ్యన ఉంటుంది. బల్లకూ గోడకూ మధ్య వస్మియా ఇట్టే నడిచిపోతుంది. సబీకా మాత్రం అడ్డంగా తిరిగి, ఊపిరి బిగబట్టి, పొట్టను బల్ల అంచుకు ఒరిపించుకుంటూ జరగాలి. ఒక్కోసారి ఆ పొట్ట బల్ల మీదివాళ్ళ చేతికి తగులుతుంది. "మన్నించు తల్లీ" అంటుంది సబీకా, బతికున్న మనిషిని రాసుకుపోయినట్టే.

మునిసిపాలిటీ ఇచ్చే ప్లాస్టిక్ ఏప్రన్ ఆమె చుట్టూ రాదు. రెండిటిని పక్కల కోసి, మొగుడు చేపలు పట్టేరోజుల్లో వాడిన నీలం నైలాన్ దారంతో కలిపి కుట్టుకుంది. ఆ మొగుడు సముద్రానికి పోయి తిరిగి రాలేదు. అప్పటికి ధారికి పాలపళ్ళు కూడా ఊడలేదు. ఏదో ఒక పని ఇప్పించమని మునిసిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరిగితే, ఎవరూ ఒప్పుకోని ఈ పని ఒకటి ఖాళీగా ఉందన్నారు. సబీకా ఒప్పుకుంది.

ముసలావిడ పిట్టలా ఉంది. సబీకా ఒక చెయ్యి భుజం కిందా ఒక చెయ్యి నడుము కిందా పెట్టేసరికి ఆవిడ తేలిగ్గా ఎడమపక్కకు ఒత్తిగిలింది. వస్మియా నీళ్ళు పోసింది. బయట బెంచీ మీద కూర్చున్న కూతుళ్ళు సన్నగా ఏడుస్తున్నారు. కర్పూరం కలిపిన ఆఖరి నీళ్ళు పోసి, జుట్టు మూడు పాయలుగా అల్లి, తెల్లటి కఫన్ గుడ్డల్లో చుట్టేసరికి ఆవిడ ముఖంలో ఏదో తీరిక కనిపించింది.

"అదృష్టవంతురాలు. ఎవరి చేతులకూ బరువు కాలేదు" అంది సబీకా.

చనిపోయినవాళ్ళంటే ఆమెకు రోత లేదు. ముక్కులోంచి కారేవి, పొట్ట మెల్లగా నొక్కితే బయటికొచ్చేవి, మంచాన పడి పుళ్ళు పట్టిన వీపులు, అన్నీ నీళ్ళతో పోయేవే. నీళ్ళతో పోనిది తన ఒళ్ళే. రొమ్ముల కింద, పొట్ట మడత కింద, తొడల మధ్య చర్మం ఒరుసుకుపోయి రసి కారుతుంది. ఎంత కడిగినా ఎంత పౌడరు అద్దినా మధ్యాహ్నానికి ఆ పౌడరు ముద్దకట్టి, పులిసిన పిండి వాసన కొడుతుంది. బట్టలు మార్చుకునే గదిలో ఆమె లైటు వెయ్యదు. చీకట్లోనే తుడుచుకుంటుంది. తుడిచిన గుడ్డను చూడకుండా చెత్తబుట్టలో పడేస్తుంది.

అయినా ఒళ్ళు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకోవాలన్న ఆలోచన ఆ వాసనవల్ల పుట్టింది కాదు.

పోయిన చలికాలం ఒకావిడను తీసుకొచ్చారు. బల్ల పట్టనంత మనిషి. రెండు చేతులూ అంచుల మీంచి కిందికి వేలాడాయి. ఒత్తిగిలించడానికి సబీకా, వస్మియా చాలక బయటనుంచి బంధువుల ఆడవాళ్ళను పిలవాల్సొచ్చింది. అందరూ తలో చోట పట్టుకుని "ఊఁ, ఎత్తండి, ఎత్తండి" అని బస్తాను లేపినట్టు లేపారు. ఎవరిదో చెయ్యి జారింది. ఆవిడ ముఖం ధబ్బున రాతికి కొట్టుకుంది. పొట్ట మడత కింద ఎన్నాళ్ళుగా నిలవ ఉన్నదో, తెల్లగా జిగటగా నీళ్ళలో కలిసి కాలవలోకి పారింది. ఒకామె నోటికి ఓణీ అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. ఇంకొకామె ఆపుకోలేక కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు భయంతో వచ్చిందో వెగటుతో వచ్చిందో దేవుడికే తెలియాలి.

సబీకా మనసులోంచి అప్పుడు "ఛీ" అన్న మాట వచ్చింది. ఆ పనిలో చేరాక చనిపోయినవాళ్ళ మీద ఆమెకు ఆ మాట రావడం అదే మొదలు. ఎవరూ వినలేదు. తను విన్నది. విన్న మరుక్షణమే బల్ల మీద తనే పడుకున్నట్టు, ఆ ఓణీ తనను చూసి అడ్డం పెట్టుకున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత ఆమె ఒక పద్ధతి కనిపెట్టింది. మందపాటి నూలు దుప్పటిని తడిపి, సగం చుట్టగా చుట్టి, మనిషి పక్కన పెట్టి, కొంచెం కొంచెంగా వీపు కిందికి తోసి, అవతలి పక్కనుంచి లాగాలి. ఎత్తక్కర్లేదు. దుప్పటి అంచు పట్టుకుని ఇద్దరు ఒక్క ఊపిరిలో లాగితే ఎంత బరువైన మనిషైనా నిద్రలో ఒత్తిగిలినట్టు తిరుగుతుంది. ఆ పద్ధతి వస్మియాకు నేర్పింది. నేర్పుతున్నప్పుడే ఆపరేషన్ చేయించుకోవాలని నిశ్చయించుకుంది. దుప్పటి ఉన్నా, లాగే చేతులకు బరువు తెలుస్తుంది కదా.

*

ముసలావిడను సాగనంపాక సబీకా గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళింది. పరీక్షల ఫలితాలు చూపించడానికి డాక్టర్ అబ్రార్ రమ్మంది. అబ్రార్ ధారి ఈడుది, చురుకైన పిల్ల. ఆపరేషన్‌కు ఆమె ఒప్పుకోలేదని కాదు. సబీకా కోరుకున్న ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు.

పొట్టను నిలువుగా కోసి సన్నటి గొట్టంలా మిగల్చడం ఒకటి. దాన్ని అక్కడ అందరూ కోత అంటారు. పొట్టను చిన్న సంచీలా చేసి పేగును దానికి కలిపి దారి మళ్ళించడం రెండోది. అది మళ్ళింపు. సబీకా కోత కావాలంది. మళ్ళింపే చెయ్యాలని డాక్టర్ మొదటినుంచీ చెబుతోంది. చివరికి సబీకా ఒక ప్రైవేటు క్లినిక్కుకు వెళ్ళింది. వాళ్ళు నవ్వుతూ కోతకు తేదీ ఇచ్చారు. ఆ తేదీ రేపే.

"రేపటిది వాయిదా వేయించండి, ఖాలా" అంది డాక్టర్, పిన్నిని పిలిచినట్టే, తెర మీద బొమ్మ చూపిస్తూ. "ఇదిగో మీ గొంతు కింది భాగం. ఈ ఎర్రగా ఉన్నదంతా పులుపు కాల్చిందే. పొట్టను గొట్టంలా కోస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. పులుపు ఇంకా పైకి తంతుంది."

"వస్తే మింగుతాను. అలవాటే."

"మింగడానికా ఆపరేషన్ చేయించుకునేది?"

సబీకా బొమ్మను చూసింది. ఎర్రగా, తడిగా, జిగురుగా ఉంది. తన లోపలి భాగం కూడా ఇంత అసహ్యంగా ఉందా అనుకుని కళ్ళు తిప్పుకుంది.

"మీకు షుగర్ కూడా ఉంది. మళ్ళింపుతో దానికీ మేలు. తర్వాత విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి, నిజమే. దానికి భయపడుతున్నారా?"

"మాత్రలకు ఎవరు భయపడతారు తల్లీ."

"మరి?"

"నాకు మళ్ళింపు వద్దు."

"అదే, ఎందుకూ? ఎవరైనా ఏమైనా చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదు. చూశాను."

"ఏం చూశారు?"

సబీకా చేతుల్ని ఒడిలోకి లాక్కుంది.

ఆమె బల్ల మీద చూసింది ఇద్దర్ని. ఇద్దరూ వయసులో ఉన్నవాళ్ళే. ఒకామె పొట్ట మీద చిన్న చిన్న గాట్లు ఇంకా మానలేదు. బయట అక్క గుండెలు బాదుకుంటూ, "పేగులు మళ్ళించుకోవద్దంటే విన్నావు కాదే" అని ఏడ్చింది. రెండోసారీ తలుపవతలనుంచి అదే మాట వినబడింది. చిన్న గాట్లున్న పొట్టల్ని సబీకా ఇంకా చాలా చూసింది. అవి ఏ ఆపరేషన్‌వో ఎవరూ చెప్పలేదు, తను అడగలేదు. అడగకూడదు. ఈ పని నేర్పిన ముసలామె మొదటిరోజే ఆమె చెంప పట్టుకుని చెప్పింది: బల్ల మీద ఏం చూసినా మంచైతే చెప్పు, లేకపోతే చచ్చేదాకా నీలోనే దాచు, అల్లా నీవి దాస్తాడు. సబీకా ఆ మాట జవదాటలేదు. మొగుడి అక్కచెల్లెళ్ళు గుచ్చిగుచ్చి అడిగినా దాటలేదు. తను మునిసిపాలిటీలో పని చేస్తున్నానని మాత్రమే డాక్టర్‌తో చెప్పింది. ఏ పనో చెబితే జనం ముఖాలు ఎలా మారతాయో ఆమెకు తెలుసు. పెళ్ళిళ్ళలో ఆమె చేతినుంచి కహ్వా అందుకోబోయి, గుర్తొచ్చి, "ఇప్పుడే తాగాను" అనే ఆడవాళ్ళను ఎందర్నో చూసింది.

డాక్టర్ కుర్చీ ముందుకు జరుపుకుని సబీకా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఏం చేస్తుందో తెలియక పట్టుకుంది. "ఖాలా, నేను మళ్ళింపు చేసినవాళ్ళు చాలామంది మీ ఈడువాళ్ళే. స్టోర్లో టమాటాలు ఏరుకుంటూ కనిపిస్తారు, సలాం చెబుతారు. ఏ ఆపరేషన్‌కైనా ప్రమాదం కొంచెం ఉంటుంది, కాదనను. కానీ మీరు దేన్ని చూసి జంకుతున్నారో చెబితే నేను జవాబు చెప్పగలను. చెప్పకపోతే నేనేం చెయ్యను?"

టమాటాలు ఏరుకునేవాళ్ళు తన బల్ల మీదికి రారు. ఆ సంగతి సబీకాకు తట్టకపోలేదు. తట్టింది. అయితే వాళ్ళ పొట్టలు ఆమె చూడలేదు. ఆ ఇద్దరివీ చూసింది, తన చేత్తో కడిగింది, గాట్లలోకి నీళ్ళు పోకుండా దూది పెట్టింది. చూడని నూరుమంది కంటే కడిగిన ఇద్దరే ఆమెకు ఎక్కువ బరువుగా ఉన్నారు. చెప్పేద్దామా అనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. పులుపును మింగినట్టే దాన్నీ మింగింది.

"నువ్వు మంచిదానివి. అల్లా నీ తల్లిని చల్లగా చూడాలి" అని లేచింది.

"అంటే రేపు వెళ్తారా?"

"వెళ్తాను."

"కోతకేనా?"

"దానికే."

డాక్టర్ కలం బల్ల మీద పడేసింది. "మొండితనం కూడా బరువే ఖాలా. దాన్ని కొయ్యడం మాకు రాదు." అంతలోనే తన మాటకు తనే నొచ్చుకుని, తలుపుదాకా వచ్చి, "కాళ్ళు ఆడిస్తూ ఉండండి. లేవమంటే ఆ పూటే లేచి నడవండి. మర్చిపోకండి" అంది.

*

సాయంత్రపు అసర్ నమాజు వేళకు ఖబరస్తాన్‌కు తిరిగి వచ్చేసరికి ఇంకొకావిడ సిద్ధంగా ఉంది. బాగా లావుపాటి మనిషి. వస్మియా అప్పటికే దుప్పటి తడిపి పెట్టుకుంది. ఇద్దరూ మాట్లాడుకోకుండా దుప్పటి చుట్టను కిందికి తోశారు. ఒక్క ఊపిరిలో లాగారు. ఆవిడ మెత్తగా పక్కకు తిరిగింది.

"చూశావా, చప్పుడే లేదు" అంది వస్మియా మురిసిపోతూ.

"వస్మియా."

"ఊఁ."

"నేను గనక ఇక్కడికొస్తే బయటివాళ్ళను ఎవర్నీ పిలవకు. నువ్వే చెయ్యి. దుప్పటి బాగా తడుపు. నాకు ఇంకొంచెం పెద్దది కావాలి."

"నోరు ముయ్యి ఉమ్ ధారి, నువ్వూ నీ మాటలూ! నెల తిరిగేసరికి నువ్వు పుల్లలా అయి వస్తావు. ఈ సందులో ఇద్దరం పక్కపక్కనే నడుస్తాం." వస్మియా ముక్కు చీదుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "మా అక్క కూడా చేయించుకుంటానంటోంది. కోతే మంచిదంటావా?" అంది.

"మళ్ళింపు మాత్రం వద్దని చెప్పు."

"ఎందుకూ?"

సబీకా బల్ల వైపు చూసింది. వస్మియాకు అర్థమై మరి అడగలేదు.

పని అయ్యాక సబీకా ఏప్రన్‌ను సబ్బుతో రెండుసార్లు రుద్ది కడిగి, కొక్కేనికి తగిలించింది. నీలం దారం ఒకచోట పీచు లేచి ఉంది. వచ్చాక మళ్ళీ కుట్టుకోవాలనుకుంది. అంతలో, వచ్చాక అంత ఏప్రన్ అక్కర్లేదని గుర్తొచ్చింది. అప్పుడే ఊడిన పన్ను చోటును నాలుకతో తడుముకున్నట్టు, ఆ ఆలోచనను కొత్తగా తడిమి చూసుకుంది.

ఇంటికి వచ్చేసరికి ధారి దివానియాలో, మగ అతిథుల గదిలో, స్నేహితులు లేచి వెళ్ళిపోతున్నారు. నడిమధ్యన పెద్ద పళ్ళెంలో అన్నం, అన్నం మీద సగం గొర్రె. అంచు మాత్రమే కదిలి ఉంది. వచ్చినవాళ్ళలో సగం మంది కోత చేయించుకున్నవాళ్ళే. తలా రెండు ముద్దలు కతికి చేతులు కడుక్కుంటారు. అయినా పళ్ళెం మాత్రం వాళ్ళ తాతల కాలపు పళ్ళెమే. అతిథుల ముందు చిన్నది పెడితే పరువు పోతుంది. ఏసీ చలికి కొవ్వు పేరుకుని, అన్నం మెతుకుల మధ్య తెల్లటి మైనంలా గడ్డకట్టింది. గొర్రె కన్ను ఒకటి ఆ కొవ్వులోంచి చూస్తోంది. సబీకాకు పళ్ళెమూ తన ఒళ్ళూ ఒకటే అనిపించాయి. అవసరానికి మించి పోగుపడి, ఎవరికీ పనికిరాక, ఎత్తి పారెయ్యడానికి నలుగురు కావాల్సినవి.

ధారి బాత్రూంలో కక్కుకుంటున్నాడు. మూడు ముద్దల బదులు నాలుగు తిన్నట్టున్నాడు. మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చిక్కిపోయాడు, చెంపల కింద చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది.

"యుమ్మా, రేపట్నుంచి నువ్వూ మా సంఘంలో మెంబరువి" అన్నాడు నవ్వుతూ.

"మీ సంఘం పని కక్కుకోవడమేనా?"

"అలవాటైపోతుందిలే. భయపడకు. నాకేమైంది చెప్పు? బతికే ఉన్నానుగా."

అవును, కోత చేయించుకున్న కొడుకు కళ్ళెదుట బతికే ఉన్నాడు. ఆమెకు అదే పెద్ద సాక్ష్యం.

"అయినా నువ్వు చేయించుకోవాల్సిందే యుమ్మా" అన్నాడు ధారి, చెప్పులు వెతుక్కుంటూ. "ఇప్పుడైతే నిన్ను మొయ్యడానికి మా దివానియా మొత్తం రావాలి."

వాడు వేళాకోళానికే అన్నాడు. అని, తల్లి నుదుటి మీద ముద్దుపెట్టి వెళ్ళిపోయాడు. సబీకా పళ్ళెం మీద గుడ్డ కప్పింది.

మర్నాడు పొద్దున్నే ఒక చిన్న సంచీలో నమాజు గుడ్డ, దువ్వెన, పౌడరు డబ్బా పెట్టుకుని కారెక్కింది. గుమ్మం దాటేటప్పుడు ఎప్పట్లాగే అడ్డంగా తిరిగి దాటింది.

*

ఆపరేషన్ బాగానే జరిగింది. లేచి నడిచింది కూడా. ఇంటికి పంపిస్తామన్న రోజున, కుర్చీలో కూర్చుని దువ్వుకుంటూ, దువ్వెన చేతిలో ఉండగానే తల వాల్చేసింది. కాళ్ళలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి పోయిందనీ, ఇలా ఏ ఆపరేషన్ తర్వాతైనా జరగొచ్చనీ క్లినిక్కువాళ్ళు ధారికి చెప్పారు.

అసర్ వేళకు ఆమెను తీసుకొచ్చారు. సాయానికి మునిసిపాలిటీ పంపిన కొత్త మనిషి బల్ల వైపు చూసి, "అమ్మో, మనిద్దరివల్ల ఏమవుతుంది, బయటివాళ్ళను పిలవనా?" అంది.

"పిలవక్కర్లేదు. ఆ అంచు పట్టుకో" అంది వస్మియా.

ఆమె రెండు దుప్పట్లు కలిపి తడిపింది. చుట్టి, కొంచెం కొంచెంగా వీపు కిందికి తోసింది. ఇద్దరూ ఒక్క ఊపిరిలో లాగారు. సబీకా నిద్రలో ఒత్తిగిలినట్టు గోడవైపు తిరిగింది. చప్పుడు కాలేదు. ఎవరూ నవ్వలేదు. వస్మియా పొట్ట మడత కింద, రొమ్ముల కింద, ఎక్కడ ఒరుసుకుపోయి ఉంటుందో అక్కడ, రేగాకు నురుగుతో పసిపిల్లకు కడిగినట్టు కడిగింది. చిన్న చిన్న గాట్లు కనిపించాయి. వాటి మీద దూది పెట్టి గుడ్డ కప్పింది.

తలుపవతల ధారి మేనత్త ఎవరో, "కోత వద్దని ఆ డాక్టరు మొత్తుకుంటే విన్నావు కాదే" అని గుండెలు బాదుకుంటోంది.

వస్మియా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ కదిలింది.

మర్నాడు ఆమె అక్క ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవడానికి బయల్దేరుతుంటే, వస్మియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కోత వద్దు" అంది.

"ఎందుకే? ఎవరేం చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు" అంది వస్మియా. ఆ పైన ఎంత అడిగినా నోరు విప్పలేదు.

స్నానాల గదిలో కొక్కేనికి ఆ ఏప్రన్ అలాగే ఉంది. కొత్తగా చేరిన మనిషి ఒకసారి తీసి కట్టుకోబోయింది. అది ఆమె చుట్టూ రెండు చుట్లు తిరిగినా ఇంకా మిగిలింది. మళ్ళీ తగిలించేసింది. పక్కన కలిపి కుట్టిన నీలం దారం ఒకచోట పీచు లేచి, ఎవరు బల్ల మీద నీళ్ళు పోసినా ఆ తుంపరకు మెల్లగా ఊగుతుంది.